చెప్పులు కుట్టేవాళ్ల జట్టులో వాల్టర్ టల్

ఇంగ్లండ్ మధ్యప్రాంతంలో నార్తాంప్టన్ అనే ఊరుంది. తోలుపనికీ, బూట్ల తయారీకీ వందల ఏళ్లుగా పేరున్న ఊరు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు నార్తాంప్టన్ టౌన్‌కు జనం పెట్టుకున్న ముద్దుపేరు కాబ్లర్స్. అంటే చెప్పులు కుట్టేవాళ్లు. మ్యాచ్ రోజున అభిమానులు ఆ పేరునే గొంతెత్తి అరుస్తారు. మన ఊళ్లలో అదే పనిని తిట్టుగా మార్చి వాడేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్లం కాబట్టి, ఈ సంగతి తెలిసినప్పుడు మాకు కాసేపు వింతగానే అనిపించింది.

1911 అక్టోబర్‌లో ఆ చెప్పులు కుట్టేవాళ్ల జట్టులోకి 23 ఏళ్ల నల్లజాతి యువకుడు వచ్చి చేరాడు. పేరు వాల్టర్ డేనియల్ జాన్ టల్. అంతకు రెండేళ్ల ముందు అతను లండన్‌లోని టాటెన్‌హామ్ హాట్స్‌పర్ క్లబ్ తరఫున ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద లీగ్‌లో ఆడాడు. అక్కడి నుంచి కింది స్థాయి లీగ్‌కు వచ్చాడు. సరిగ్గా చెప్పాలంటే, పంపించారు.

ఈ రోజు బ్రిటన్‌లో టల్ పేరు తెలియని స్కూలు పిల్లలు తక్కువ. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికాధికారిగా చనిపోయిన నల్లజాతి వీరుడిగా అతన్ని చదువుకుంటారు. అతని బొమ్మతో నాణెం వచ్చింది, స్టాంపు వచ్చింది. మేం కూడా యుద్ధం దగ్గరికి వెళ్తాం. కానీ అంతకంటే ముందు, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ మూడేళ్ల దగ్గర, అంటే చిన్న లీగ్‌లో వారం వారం బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగిన కాలం దగ్గర, కొంచెం ఎక్కువసేపు ఆగుతాం. టల్ జీవితంలో ఫుట్‌బాల్ అంటే ఎక్కువ భాగం అదే.

టల్ తాత కరీబియన్ దీవి బార్బడోస్‌లో చెరకుతోటల బానిస. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని చట్టం 1834లో రద్దు చేసింది. ఆ తర్వాత కూడా అప్రెంటిస్‌లన్న కొత్త పేరు పెట్టి నాలుగేళ్లు అదే యజమానుల కింద పని చేయించుకున్నారు. పేరు మార్చి పాత చాకిరీనే కొనసాగించడం మనకూ కొత్త విషయం కాదు. ఆ బానిస కొడుకు డేనియల్ టల్ వడ్రంగి పని నేర్చుకుని, 1876లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఫోక్‌స్టన్ చేరాడు. కెంట్ ప్రాంతపు తెల్లజాతి అమ్మాయి ఆలిస్ పామర్‌ను పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు 1888 ఏప్రిల్ 28న వాల్టర్ పుట్టాడు.

పిల్లవాడికి ఏడేళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో పోయింది. తండ్రి, ఆలిస్ బంధువైన క్లారాను పెళ్లాడాడు. 1897 డిసెంబర్‌లో తండ్రి కూడా గుండెజబ్బుతో కన్నుమూశాడు. ఇంటినిండా పిల్లలు, చంకలో పసిబిడ్డ, సంపాదించే చెయ్యి లేదు. ఆ సవతి తల్లి చేయగలిగింది చేసింది: 1898లో వాల్టర్‌నూ, రెండేళ్లు పెద్దవాడైన అన్న ఎడ్వర్డ్‌నూ లండన్ తూర్పుభాగం బెత్నల్ గ్రీన్‌లో మెథడిస్టు చర్చి నడిపే అనాథాశ్రమానికి పంపించింది.

రెండేళ్లకే అన్నదమ్ములు విడిపోయారు. గ్లాస్గోలోని వార్నాక్ కుటుంబం ఎడ్వర్డ్‌ను దత్తత తీసుకుంది. అతను తర్వాత దంతవైద్యం చదివి, బ్రిటన్‌లో ఆ వృత్తిలోకి వచ్చిన తొలి నల్లజాతి సంతతివాళ్లలో ఒకడయ్యాడు. వాల్టర్ మాత్రం ఆశ్రమంలోనే ఉండిపోయాడు. అక్కడ అచ్చుపని నేర్చుకున్నాడు, ఆశ్రమం జట్టులో ఫుట్‌బాల్ ఆడాడు. ఆడిన స్థానం లెఫ్ట్‌బ్యాక్. గోల్ ముందు ఎడమవైపు కాపలా కాసే డిఫెండర్. వాల్టర్ ఆట మొదలైంది అక్కడే.

1908లో క్లాప్టన్ అనే లండన్ అమెచ్యూర్ క్లబ్ అతన్ని తీసుకుంది. జీతం లేని ఆట. ఆ ఒక్క సీజన్‌లోనే క్లాప్టన్ జట్టు 1909 ఎఫ్‌ఏ అమెచ్యూర్ కప్పుతో పాటు లండన్‌లోని రెండు పెద్ద కప్పులు కూడా గెలిచింది. దాంతో టాటెన్‌హామ్ కళ్లు అతని మీద పడ్డాయి. అప్పుడే రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు ఎక్కిన క్లబ్ అది. 1909 వేసవిలో అర్జెంటీనా, ఉరుగ్వే పర్యటనకు అతన్ని వెంట తీసుకెళ్లింది. ఆ వేసవిలోనే ఒప్పందం కుదిరింది. సంతకానికి 10 పౌండ్లు, వారానికి 4 పౌండ్లు. ఆనాడు ఫుట్‌బాల్ సంఘం నిబంధనల ప్రకారం ఎంత గొప్ప ఆటగాడికైనా సాధారణంగా ఇవ్వగలిగిన గరిష్ఠ వేతనం అదే. నైపుణ్యమున్న కార్మికుడి కూలికి దాదాపు రెట్టింపు. అనాథాశ్రమంలో పెరిగిన కుర్రాడికి అది చిన్న మొత్తం కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. టల్ ఇంగ్లండ్‌లో తొలి నల్లజాతి ప్రొఫెషనల్ కాదు. ఘనాలోని అక్రాలో 1865లో పుట్టిన ఆర్థర్ వార్టన్ అతనికంటే ముందే ప్రెస్టన్, రాదరమ్ వంటి క్లబ్బులకు గోల్‌కీపర్‌గా ఆడాడు. వార్టన్ తర్వాత బొగ్గు గనిలో కూలిపని చేసి 1930లో చనిపోయాడు. పేదల శ్మశానంలో పేరు కూడా లేని సమాధిలో పూడ్చారు. జాతివివక్షకు వ్యతిరేకంగా పనిచేసే ఉద్యమకారులు పూనుకుంటే, 67 ఏళ్ల తర్వాత 1997లో ఆ సమాధి మీద రాయి లేచింది. తొలి అనే మాట చుట్టూ తిరిగే చరిత్రలో రెండోవాళ్లూ మూడోవాళ్లూ ఎలాగూ కనిపించరు. తొలివాడికే దక్కిన గతి ఇది.

1909 సెప్టెంబర్‌లో సండర్లాండ్ మీద టల్ మొదటి డివిజన్‌లో అడుగుపెట్టాడు. సొంతగడ్డ మీద మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడిన మ్యాచ్‌లో పత్రికలు అతన్ని మెచ్చుకున్నాయి. బ్రాడ్‌ఫర్డ్ సిటీ మీద మొదటి గోల్ కొట్టాడు. ఇక్కడ అతన్ని ముందు వరుసలో ఆడించారు. కంగారు లేని ఆట, కచ్చితమైన పాస్, ఒంటి మీదికి వచ్చేవాణ్ణి కూడా నెమ్మదిగా తప్పించుకునే తీరు. అతని గురించి రాసినవాళ్లందరూ దాదాపు ఇవే చెప్పారు.

అక్టోబర్‌లో బ్రిస్టల్ సిటీతో వాళ్ల ఊళ్లోనే మ్యాచ్. ప్రేక్షకుల్లో ఒక గుంపు ఆట సాగినంతసేపూ టల్ రంగును పట్టుకుని బూతులు తిట్టింది. బ్రిస్టల్ రేవు గురించి తెలిసినవాళ్లకు ఇందులో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. 18వ శతాబ్దంలో ఆఫ్రికన్లను ఓడల్లో కుక్కి కరీబియన్ తోటలకు అమ్మిన వ్యాపారంలో ఆ రేవుది పెద్ద వాటా. అలా అమ్ముడుపోయినవాళ్ల సంతతివాడు ఇప్పుడు వాళ్ల కళ్లముందు లండన్ క్లబ్ చొక్కా వేసుకుని ఆడుతున్నాడు.

ఆ మ్యాచ్ చూసిన లండన్ విలేకరి ఒకరు మౌనంగా ఊరుకోలేదు. ఆ తిట్లు చేపల మార్కెట్ భాషకంటే నీచంగా ఉన్నాయన్న అర్థంలో రాశాడు. మైదానంలో మనసూ ఆటా రెండూ శుభ్రంగా ఉన్నవాడు టల్ ఒక్కడేనన్నట్టు, ఫుట్‌బాల్ ఆడే తెల్లవాళ్లందరికీ అతను ఆదర్శమన్నట్టు మెచ్చుకున్నాడు. 1909లో అలా రాయడానికి ధైర్యం కావాలి, అది మేం ఒప్పుకుంటాం. అయినా ఆ మెచ్చుకోలు మాకు కొంచెం గుచ్చుకుంటుంది. తిట్టినవాళ్ల మీద చర్య ఏమిటన్న ప్రశ్న అందులో లేదు. తిట్లు తిన్నవాడు ఎంత బుద్ధిమంతుడో చెప్పడంతోనే అది ఆగిపోయింది. క్యాంపస్‌లో అవమానం పడ్డ విద్యార్థి నిగ్రహాన్ని పొగిడి, అవమానించినవాళ్ల పేరెత్తని కమిటీ నివేదికలు మన పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు.

ఆ తర్వాత ఏం జరిగిందో అంకెలే చెబుతాయి. ఆ సీజన్ మొత్తంలో టల్ ఆడిన మొదటి డివిజన్ మ్యాచ్‌లు 7. తర్వాతి సీజన్‌లో 3. రెండు గోల్స్. మిగతా కాలమంతా రిజర్వ్ జట్టులో.  క్లబ్ చేసింది చూడటానికి చాలా చిన్నపని: ఆ వారం జట్టు జాబితాలో పేరు లేదు, ఆపై వారం కూడా లేదు. బ్రిస్టల్ ప్రేక్షకుల నోరు మూయించే పని ఎవరూ పెట్టుకోలేదు. ఆ నోటికి పని లేకుండా ఆటగాణ్ణే పక్కకు తప్పించారు. అలా చేస్తే గొడవ తేలిగ్గా ముగుస్తుంది. ఎవరి మీదా చర్య తీసుకోనక్కర్లేదు, ఎక్కడా ఒక ముక్క రాయనక్కర్లేదు.

సరిగ్గా ఆ కాలంలోనే మన దేశం నుంచి ఒక దళిత ఆటగాడు ఇంగ్లండ్‌లో ఉన్నాడు. 1911 వేసవిలో అక్కడ పర్యటించిన ఇండియా క్రికెట్ జట్టులో చమార్ కులానికి చెందిన పల్వంకర్ బాలూ ఉన్నాడు. ఎడమచేతి స్పిన్‌తో ఆ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. పూణేలో ఆటలో అతని బంతిని అందుకున్న చేతులే, టీ విరామంలో అతనికి విడిగా, పెవిలియన్ బయట, మట్టికప్పులో టీ ఇచ్చాయి. హిందూ జట్టుకు అన్నేళ్లు వికెట్లు తీసినా కెప్టెన్సీ ఒక్కసారీ ఇవ్వలేదు. కులం వేరు, జాతి వేరు, రెండింటి చరిత్రా వేరు. ఒకదాన్ని మరొకదాని మీద పరిచి చూపించాలని మాకు లేదు. అయితే ప్రతిభను వాడుకుంటూనే మనిషిని గీత దాటనివ్వని ఏర్పాటు రెండుచోట్లా ఉంది. బాలూ ఓడ ఎక్కి ఇంటికొచ్చిన కొద్ది వారాలకే టాటెన్‌హామ్ క్లబ్ టల్‌ను వదిలించుకుంది.

అది మార్పిడి బేరం. నార్తాంప్టన్ జట్టులోని చార్లీ బ్రిటన్ అనే బ్యాక్ టాటెన్‌హామ్‌కు వెళ్లాడు, టల్ నార్తాంప్టన్‌కు వచ్చాడు. మధ్యలో గట్టి మొత్తమే చేతులు మారింది. ఈ బేరాల్లో ఆటగాడి ఇష్టానికి పెద్ద చోటు లేదు. ఆనాటి పద్ధతి ప్రకారం ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్ చేతిలో ఉంటుంది. సీజన్ అయిపోయినా, జీతం ఇవ్వకపోయినా సరే, క్లబ్ వదలనిదే అతను వేరే క్లబ్‌కు ఆడలేడు. 1912లో కింగబీ అనే ఆటగాడు దీన్ని ఎదిరించి ఆస్టన్ విల్లా క్లబ్ మీద కోర్టుకెళ్లాడు, ఓడిపోయాడు. ఆ పద్ధతి న్యాయం కాదని ఇంగ్లండ్ కోర్టు తేల్చడానికి 1963 దాకా పట్టింది. తెల్లవాడికైనా నల్లవాడికైనా ఒకే సంకెల. కాకపోతే దాన్ని ఏ దిక్కుకు లాగుతారన్నది మాత్రం రంగు చూసి తేలేది.

నార్తాంప్టన్ ఆడింది సదరన్ లీగ్‌లో. ఫుట్‌బాల్ లీగ్ రెండు డివిజన్లకూ బయట, ఎక్కువగా దక్షిణ ఇంగ్లండ్ క్లబ్బులు ఆడుకునే పోటీ. 1920లో దాని పై డివిజన్ జట్లను దాదాపు అన్నిటినీ కలిపి ఫుట్‌బాల్ లీగ్ మూడో డివిజన్‌గా చేశారు, కాబట్టి దాని స్థాయి మనం ఊహించుకోవచ్చు. మైదానం పేరు కౌంటీ గ్రౌండ్. కౌంటీ క్రికెట్ జట్టు మైదానం కూడా అదే కాబట్టి, ఫుట్‌బాల్‌కు మూడువైపులే ప్రేక్షకులు నిలబడేవాళ్లు, నాలుగోవైపు ఖాళీ గడ్డి. శనివారం మధ్యాహ్నం బూట్ల ఫ్యాక్టరీలు వదిలాక వచ్చే జనమే వాళ్ల జనం.

మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్. తర్వాత రోజుల్లో హడర్స్‌ఫీల్డ్, ఆర్సెనల్ క్లబ్బులకు లీగ్ టైటిళ్లు గెలిపించి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ రూపురేఖలు మార్చిన మనిషి. అప్పటికింకా చిన్న ఊళ్లో పేరు తెచ్చుకుంటున్నవాడే. 1909లో నార్తాంప్టన్‌ను సదరన్ లీగ్ విజేతగా నిలిపాడు. అతనూ ఒకప్పుడు టాటెన్‌హామ్‌కు ఆడినవాడే. ఆ క్లబ్ పక్కన పెట్టినవాడిలో అతనికి ఒక ఆటగాడు కనిపించాడు. దయ చూపించి తెచ్చుకున్నాడని మేం అనుకోం. గెలవాలనుకునే మేనేజర్ మంచి సరుకు తెచ్చుకున్నాడు. కొన్నిసార్లు మనకు దయకంటే అలాంటి లెక్కే మేలు చేస్తుంది.

మొదట్లో అతన్ని ఇక్కడా అక్కడా ఆడించి చూశారు. 1912 ఏప్రిల్‌లో బ్రిస్టల్ రోవర్స్ మీద ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. బ్రిస్టల్ ఊరి రెండో క్లబ్ అది. ఆ ఊరిమీదే ఆ నాలుగు గోల్స్ పడటం యాదృచ్ఛికమే. అయినా ఆ స్కోరు చూసి మేం కొంచెం నవ్వుకున్నాం. ఆ తర్వాత అతనికి సరిపోయిన చోటు దొరికింది. హాఫ్‌బ్యాక్.

ఆ స్థానం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈనాటి ఆటలో ఆ పేరు వినిపించదు. అప్పట్లో గోల్‌కీపర్ ముందు ఇద్దరు బ్యాకులు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులు, ఆపైన అయిదుగురు ఫార్వర్డులు ఆడేవాళ్లు. ఎదుటి జట్టు అయిదుగురు ఒకేసారి మీదికొస్తుంటే వెనక ఉన్నది ఇద్దరే. కాబట్టి దాడిని సగం దారిలో అడ్డుకునే భారం హాఫ్‌బ్యాకుల మీద పడేది. ఎదుటివాడి కాళ్లలోంచి బంతి లాగాలి, లాగిన బంతిని వెంటనే మనవాళ్లకు అందించాలి, అందించిన మరుక్షణం వెనక్కి పరుగెత్తి మళ్లీ గోడకట్టాలి. మైదానంలో అందరికంటే ఎక్కువ దూరం తిరిగేది వాళ్లే. మధ్యలో మార్చడానికి సబ్‌స్టిట్యూట్లు లేరు. మోకాలు బెణికినా తొంభై నిమిషాలూ కుంటుతూనైనా ఉండాలి. వానలో తడిసిన తోలుబంతి బరువెక్కేది. కాళ్లకు చీలమండలు దాటే మందమైన తోలు బూట్లు.

ఇంత చేసినా మర్నాడు పేపర్లో పేరు వచ్చేది గోల్ కొట్టినవాడిదే. అడ్డుకున్న దాడులకు స్కోరుబోర్డు లేదు. అందుకే టల్ నార్తాంప్టన్ జీవితాన్ని అంకెల్లో చెబితే చప్పగా ఉంటుంది: 110కి పైగా మ్యాచ్‌లు, 9 గోల్స్. ఆ మొదటి అంకెనే మనం చూడాలి. మూడు సీజన్లకు పైగా, చలిలో, బురదలో, రైల్లో ఊరూరూ తిరుగుతూ, ప్రతి వారం జట్టు జాబితాలో అతని పేరు ఉంది. టాటెన్‌హామ్‌లో లేనిది అదే. చాప్‌మన్ 1912లోనే లీడ్స్ సిటీకి వెళ్లిపోయినా టల్ చోటు కదల్లేదు. తెచ్చుకున్న మేనేజర్ వెళ్లిపోయాక కూడా నిలబడ్డాడంటే, అది అతని ఆట నిలబెట్టుకున్న చోటే. ఒక మనిషిని అప్పుడప్పుడూ పిలిచి చప్పట్లు కొట్టడానికీ, వారం వారం అతని మీద ఆధారపడటానికీ ఎంత తేడా ఉందో మన యూనివర్సిటీల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. పోటీలు మాత్రం ఆగలేదు. యువకులు యుద్ధంలో చస్తుంటే వీళ్లు బంతి తన్నుకుంటున్నారని పెద్దమనుషులు, పత్రికలు ప్రొఫెషనల్ ఆటగాళ్ల మీద పడ్డాయి. పనివాళ్లు డబ్బు కోసం ఆడే ఆట అనే చిన్నచూపు కూడా అందులో కలిసింది. దానికి జవాబుగా 1914 డిసెంబర్‌లో ఫుల్‌హామ్ టౌన్‌హాల్లో మిడిల్‌సెక్స్ రెజిమెంట్ 17వ బెటాలియన్ పుట్టింది. జనం దాన్ని ఫుట్‌బాల్ బెటాలియన్ అన్నారు. నార్తాంప్టన్ జట్టు నుంచి అందులో మొదట చేరినవాడు టల్. ఆ నెలలోనే చేరాడు. కొద్ది నెలల్లోనే సార్జెంట్ హోదాకు ఎదిగాడు. 1915 నవంబర్‌లో ఫ్రాన్స్ వెళ్లాడు.

కందకాల్లో ఆరు నెలలు గడిచేసరికి మనిషి విరిగిపోయాడు. 1916 మేలో అతన్ని ఇంగ్లండ్‌కు తిప్పి పంపారు. మిలిటరీ డాక్టర్లు రాసిన జబ్బు పేరు తీవ్ర ఉన్మాదం. ఆగని ఫిరంగుల మోత కింద అలా కుప్పకూలినవాళ్లు ఆ యుద్ధంలో వేలల్లో ఉన్నారు. టల్ గురించి చెప్పే వీరగాథల్లో ఈ ముక్కను చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు. మేం దాటదలుచుకోలేదు. కోలుకుని మళ్లీ సోమ్ యుద్ధరంగానికి వెళ్లాడు, డిసెంబర్‌లో కందకాల జ్వరంతో మళ్లీ తిరిగొచ్చాడు. 1917 మొదట్లో స్కాట్లండ్‌లోని గేల్స్‌లో అధికారుల శిక్షణకు పంపారు. మేలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు.

ఇదే అందరూ గొప్పగా చెప్పుకునే ఘట్టం. ఆనాటి సైనిక నిబంధనలు అధికారి పదవికి వచ్చేవాడు స్వచ్ఛమైన యూరోపియన్ సంతతివాడై ఉండాలన్నాయి. నల్లజాతివాళ్లు అధికారం చలాయించే హోదాకు పనికిరారన్నాయి. టల్‌ను తొలి నల్లజాతి బ్రిటిష్ అధికారి అని రాసేస్తుంటారు, అది సరికాదు. జార్జ్ బెమాండ్, డేవిడ్ క్లెమెట్‌సన్ 1915లోనే అధికారులయ్యారు. టల్ ప్రత్యేకత వేరు. అతను మామూలు సిపాయిగా మొదలై, ముందు వరుసలో తెల్ల సైనికులకు ఆజ్ఞలిచ్చిన పదాతిదళ అధికారి. నిబంధన మాత్రం పుస్తకంలోంచి పోలేదు. అధికారులు వేలల్లో చనిపోతుంటే, యోగ్యుడైన సార్జెంట్‌ను పక్కన పెట్టే తీరిక సైన్యానికి లేకపోయింది, అంతే.

సరిగ్గా అదే 1917లో మన దేశంలో 111వ మహార్ పటాలాన్ని పెట్టారు. అంతకు పాతికేళ్ల ముందు, యుద్ధజాతుల సిద్ధాంతం పేరు చెప్పి మహార్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేసింది ఆ ప్రభుత్వమే. అదే సిద్ధాంతంతో మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లనూ తగ్గించుకుంటూ వచ్చింది. మనుషులు కావాల్సి వచ్చేసరికి సిద్ధాంతం పక్కకు వెళ్లింది. యుద్ధం అయిపోయాక 1921లో ఆ పటాలాన్ని రద్దు చేశారు. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదార్‌గా చేసిన సైన్యం సంగతి ఇది. సామ్రాజ్యం కోసం యుద్ధం చేసిన అణగారినవాళ్లను ఎలా చూడాలన్న వాదన మన మధ్య భీమా కోరేగావ్ దగ్గర్నుంచీ నడుస్తూనే ఉంది. టల్ విషయంలో మా అభిప్రాయం ఇంతే: తాతను బానిసగా ఉంచిన రాజ్యం అది అని అతనికి తెలుసు. అతనికున్న జట్టు, జీతం, పౌరసత్వం ఆ రాజ్యంలోవే అనీ తెలుసు. బయట నిలబడి అతనికి పరీక్ష పెట్టే హక్కు మనకు లేదు.

అధికారిగా అతను 23వ బెటాలియన్‌కు, అంటే రెండో ఫుట్‌బాల్ బెటాలియన్‌కు వెళ్లాడు. 1917 చివర్లో ఆ దళాన్ని ఇటలీ యుద్ధరంగానికి పంపారు. 1918 జనవరి మొదట్లో ఒక రాత్రి, గడ్డకట్టే చలిలో వేగంగా పారే పియావే నది దాటి 26 మందితో శత్రువు వైపు దాడికి వెళ్లాడు. 26 మందినీ ఒక్క గాయం లేకుండా వెనక్కి తెచ్చాడు. డివిజన్ అధిపతి మేజర్ జనరల్ సిడ్నీ లాఫర్డ్ అతని ధైర్యాన్నీ, నిబ్బరాన్నీ మెచ్చుకుంటూ రాసిచ్చాడు. మాకైతే ఇది హాఫ్‌బ్యాక్ పనిలాగే కనిపిస్తుంది. ముందుకెళ్లడం ఎంత ముఖ్యమో, అందరితో వెనక్కి చేరడమూ అంతే ముఖ్యమైన పని.

మార్చిలో దళం ఫ్రాన్స్‌కు తిరిగొచ్చింది. జర్మన్ల వసంతకాలపు పెద్దదాడి మొదలైన నాలుగైదు రోజులకే, 1918 మార్చి 25న, ఫావ్రాయ్ గ్రామం దగ్గర వెనక్కి తగ్గుతుండగా టల్‌కు గుండు తగిలింది. ముప్ఫై నిండటానికి ఇంకా నెల ఉంది. లెస్టర్ ఫాస్ క్లబ్‌కు గోల్‌కీపర్‌గా ఆడిన టామ్ బిల్లింగ్‌హామ్ అనే సిపాయి అతన్ని లాక్కురావడానికి ప్రయత్నించాడు. శత్రువు మీదికొచ్చేయడంతో వదిలేయాల్సి వచ్చింది. శవం దొరకలేదు. ఫ్రాన్స్‌లోని అరాస్ స్మారకం గోడ మీద, సమాధి లేని దాదాపు 35 వేల మంది పేర్లలో అతని పేరు ఒకటి.

కబురు గ్లాస్గోలో ఉన్న అన్న ఎడ్వర్డ్‌కు చేరింది. టల్‌ను మిలిటరీ క్రాస్ పతకానికి సిఫారసు చేశారని తోటి అధికారి ఆ కుటుంబానికి రాశాడు. పతకం రాలేదు. ఇప్పటికైనా ఇవ్వాలని బ్రిటన్‌లో ఎంపీలు, ఉద్యమకారులు ఏళ్లుగా అడుగుతున్నారు, ఇంతకాలం తర్వాత ఇవ్వడం కుదరదని ప్రభుత్వం అంటూ వస్తోంది. ఆ డిమాండ్ న్యాయమైనదే. మాకున్న ఫిర్యాదు వేరు. పతకం గురించి ఇంత చర్చ జరుగుతుంటే, బ్రిస్టల్ మైదానం తర్వాత ఒక క్లబ్ ఏం చేసిందన్నది వెనక్కి వెళ్లిపోతోంది. యుద్ధంలో చచ్చిపోయిన నల్లవాణ్ణి గౌరవించడం తేలిక. రిజర్వ్ జట్టులో కూర్చోబెట్టిన నల్లవాడి గురించి మాట్లాడాలంటే, కూర్చోబెట్టినవాళ్ల గురించి కూడా మాట్లాడాలి.

ఆ కథ టల్‌తో ఆగలేదు. 1925లో ప్లిమత్ ఆర్గైల్ జట్టు మూడో డివిజన్ ఆటగాడు జాక్ లెస్లీని ఇంగ్లండ్ జట్టుకు ఎంపిక చేసి, అతను నల్లవాడని తెలిశాక పేరు తీసేశారు. ఇంగ్లండ్ పురుషుల సీనియర్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు కనిపించింది 1978 నవంబర్‌లో. పేరు వివ్ ఆండర్సన్. అతనూ డిఫెండరే.

యుద్ధం తర్వాత డెబ్భై ఏళ్లకు పైగా టల్ పేరు ఎక్కువగా అతని కుటుంబం దాచుకున్న కాగితాల్లోనే ఉంది. 1990లలో ఫిల్ వాసిలి వంటి పరిశోధకులు నల్లజాతి ఆటగాళ్ల చరిత్ర తవ్వుతూ దాన్ని బయటికి తెచ్చారు. నార్తాంప్టన్ క్లబ్ 1994లో పాత కౌంటీ గ్రౌండ్ వదిలి ఊరి అంచున సిక్స్‌ఫీల్డ్స్ స్టేడియానికి మారింది. 1999 జూలైలో ఆ స్టేడియం పక్కన టల్‌కు స్మారకం కట్టారు. ఆ పక్కనుంచి వెళ్లే దారికి వాల్టర్ టల్ వే అని పేరు పెట్టారు.